అన్న డబ్బాకు దాచిన తాడు

ఆ దీవిని ఒక చుట్టు చుట్టి రావడానికి నాకు పదకొండు నిమిషాలు పట్టేది. కోపంలో ఉంటే తొమ్మిది. మిగతావాళ్ళకు ఎంత పట్టేదో చెప్పలేను. నాలాగా పనిలేకుండా దాని చుట్టూ తిరిగినవాడు ఇంకొకడు లేడు. డ్యూటీ దిగి అందరూ బకెట్లతో స్నానానికి వరుస కట్టే వేళకు నేను గానుగెద్దులా తిరుగుతుండేవాణ్ణి. "కాలుగాలిన పిల్లి వస్తున్నది, తొవ్వ ఇడువుండ్రి" అని మావాళ్ళు నవ్వేవారు. నవ్వనీ. నలభై ఏడుగురు మనుషులు, చుట్టూ ఉప్పునీళ్ళు, పడవ వస్తే తప్ప కదలడానికి లేదు. అలాంటి చోట కాళ్ళు చాపుకుని చాయ్ తాగడం వాళ్ళకెట్లా చేతనయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు.

బహ్రెయిన్‌లో బుసైతీన్ ఒడ్డున నిలబడి ఉత్తరం దిక్కు చూస్తే, మబ్బు పట్టని పూట, నీళ్ళ మీద సున్నం గీసినట్టు తెల్లటి చార ఒకటి కనిపించేది. అదే మా దీవి. పడవలో పావుగంట. సముద్రం అడుగున పగడపు రాయి పెరుగుతూ పెరుగుతూ పైకి వచ్చి, దాని మీద ఇసుక చేరి అట్లా తయారైందట. తూర్పు అంచు అంతా రాయి, చెయ్యి పెడితే చాలు కోసుకుపోతుంది. పడమర మెత్తటి ఇసుక, మా బట్టలారేసే తీగలు. దక్షిణాన పడవ ఆగే చోటు, మేం కడుతున్న జెట్టీ. ఉత్తరపు కొసన నీటికాకులు వాలే ఇసుక మూల. చెట్టు అనేదే లేదు. ఎప్పటివాళ్ళో చేపలవాళ్ళు రాళ్ళు పేర్చి కట్టుకున్న గుడిసె గోడ ఒకటి మోకాలెత్తున మిగిలి ఉంటే, దానికి ఆనించి మా వంటగది వేశారు.

ఎవరో పెద్దమనిషి అక్కడ విడిది ఇళ్ళు కట్టించుకుంటున్నాడు. ఆయన్ని మేం ఎన్నడూ చూడలేదు. మాలో సగం మంది ఉత్తర తెలంగాణవాళ్ళం, పదిమంది కోస్తా వాళ్ళు, మిగతావాళ్ళు బెంగాలీలు, ఒక పఠాన్ ఫోర్‌మన్. ఉన్నది చారెడు నేలైనా వాడలు పడిపోయాయి. మా షెడ్డు వైపు మా వాడ, నీళ్ళ ట్యాంకు వైపు ఆంధ్రా వాడ, వంటగది వెనక బెంగాలీ వాడ. ఒక వాడలో చేపల పులుసు కాగితే మూడు వాడల్లోనూ ఆకలేసేది.

ఫోను సిగ్నల్ నీటికాకుల మూలలోనే దొరికేది. అక్కడ నాలుగు ప్లాస్టిక్ క్రేట్లు బోర్లించి ఉండేవి. దానికొక కట్టుబాటు ఉండేది, ఎవరు పెట్టారో తెలియదు. మాట్లాడేవాడు సముద్రం వైపు తిరిగి కూర్చోవాలి. వంతు కోసం ఆగినవాళ్ళు వాడికి వీపు పెట్టి కూర్చోవాలి. ఏడ్చినా, తిట్టుకున్నా, ముద్దులు పెట్టినా ఎవరూ చూడరు, తర్వాత అడగరు. ఆ దీవిలో నాకు నచ్చినది ఏదైనా ఉందంటే అదే. కానీ నాకు ఆ మూలతో పెద్దగా పని ఉండేది కాదు. ఇంటికి వారానికోసారి ఫోన్ చేసేవాణ్ణి. నా భార్య "దుబాయిల ఎట్లున్నది" అని అడిగేది. ఇది దుబాయి కాదని మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. అదే దేశంలో, జిదాఫ్స్‌లో, నా సొంత అన్న ఉన్నాడు. ఆయనతో మాట్లాడి రెండేళ్ళు దాటింది.

అన్న సంగతి చెప్పాలంటే ముడి సంగతి చెప్పాలి. మా నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుమునూ చెట్టునూ కలిపి మోకు బిగించుకుని, ఆ ఒక్క ముడిని నమ్ముకుని పైన రెండు చేతులూ వదిలేసేవాడు. ఆ ముడి నాకు ఏడో ఏటే పట్టుబడింది. అన్నకు ఎంత నేర్పినా రాలేదు. అన్న కట్టిన గడ్డిమోపు ఇల్లు చేరేసరికి సగం బాటలోనే రాలిపోయేది. అందుకని మోపు మోయడం ఆయన వంతు, ముడి వేయడం నా వంతు. నేను బిగిస్తుంటే ముడి జారిపోకుండా చూపుడువేలు పెట్టి అదిమి పట్టేవాడు. మా ఇద్దరికీ తగాదా లేకుండా సాగిన పని అదొక్కటే.

ఆ చేతివాటమే ఇక్కడ నాకు అన్నం పెట్టింది. నేను రిగ్గర్‌ని. క్రేన్ ఎత్తే సామానుకు తాళ్ళూ పట్టీలూ కట్టి, ముడి నిలుస్తుందని నమ్మకం కుదిరాక చెయ్యి ఊపాలి. నేను చెయ్యి ఊపితే క్రేన్ డ్రైవర్ ఇంకోమారు చూసేవాడు కాదు.

నన్ను బహ్రెయిన్‌కు రప్పించింది అన్నే. నాకంటే ఎనిమిదేళ్ళు ముందొచ్చి, తన కఫీల్‌ను బతిమాలి బామాలి నాకు వీసా తీయించాడు. కఫీల్ అంటే మా కాగితాలన్నీ చేతిలో ఉండే యజమాని. ఆయన ఊ అంటేనే పని, ఊ అంటేనే ఇంటి దారి. నేనేమో వచ్చిన ఏడాదిలో మూడు పనులు మారాను. ఒకచోట ఫోర్‌మన్ నచ్చలేదు, ఒకచోట నీడపట్టున పని నచ్చలేదు, మూడోచోట ఎందుకు మానేశానో నాకే గుర్తులేదు. ప్రతిసారీ అన్నే పోయి కఫీల్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక శుక్రవారం గదిలో అందరం అన్నం తింటుంటే ఆగలేక అనేశాడు.

"నీకు యాడ కాలు నిలుస్తదిరా? నీ ఎంబడి తిరుగుడుకే నా బతుకు సరిపాయె."

ఎనిమిదిమంది ముందు అన్నాడని నాకు రోషం వచ్చింది. "నువ్వు నాకు అన్నవా, కఫీల్‌వా?" అన్నాను.

గదిలో ముద్దలు నోటి దగ్గరే ఆగిపోయాయి. అన్న నా ముఖంలోకి చూశాడు. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. ఆ వారమే నేను అడిగి మరీ దీవి పనికి మారాను. ఆయన నడిచి రాలేని చోటు అదొక్కటే కనిపించింది. సిమ్ కూడా మార్చేశాను. ఈ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు కారులో గంట ప్రయాణం. అంత చిన్న దేశంలో రెండేళ్ళు ముఖం చాటేయడానికి ఎంత మొండితనం కావాలో, అంతా నా దగ్గర ఉంది.

ఆ సోమవారం సాయంత్రం కోస్తా బాబాయి నన్ను వెతుక్కుంటూ వచ్చి సిగ్నల్ మూలకు లాక్కుపోయాడు. కాకినాడ దగ్గర సముద్రపొడ్డు ఊరి మనిషి, తాపీపని చేసేవాడు. వరసకు నాకు ఏమీ కాడు, కానీ వాళ్ళ వాడలో అందరూ బాబాయి అంటుంటే నాకూ బాబాయే అయ్యాడు. అక్కడ ఫోను కలిపి నా చేతిలో పెట్టాడు.

"మీ అన్నంటయ్యా. నా నంబరు ఎవర్నడిగి పట్టేడో ఏంటో. మాటాడు." అని వీపు తిప్పేసి కూర్చున్నాడు.

నేను సముద్రం వైపు తిరిగాను.

"శుక్రారం పోతున్న," అన్నాడు అన్న. "క్యాన్సిల్‌ల. నడుము పాయెరా. ఇగ చాతగాదు."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"డబ్బా కట్టాలె," అన్నాడు మళ్ళీ. "ముడి నాకు రాదు గదా."

"వస్త," అన్నాను.

"మాపటికి ఆరుంబావుకు విమానం."

"వస్త అన్న గదా."

అంతే మాట్లాడుకున్నాం. వీసా రద్దు చేయించుకుని పూర్తిగా ఇంటికి పోయేవాడికి ఒక అట్టపెట్టె ఉంటుంది, దాన్నే డబ్బా అంటాం. దుప్పటి, పాలపొడి, సబ్బులు, పిల్లల బూట్లు. పోయేవాడి సామానే కాదు, గదిలో ఉన్న ప్రతివాడూ తన ఇంటికి ఏదో ఒకటి అందులో దూరుస్తాడు, చివరి నిమిషం దాకా దూరుస్తూనే ఉంటాడు. అందుకే టాక్సీ వచ్చి నిలబడ్డాకగానీ తాడు కట్టరు. ఆ కట్టు వదులైతే డబ్బా పగిలి ఎనిమిది ఇళ్ళ సామాను ఎయిర్‌పోర్టులో పారబోసినట్టవుతుంది. ఆ గదిలో అందరి డబ్బాలూ కట్టినవాణ్ణి నేనే. కానీ అన్న పిలిచింది డబ్బా కోసం కాదని నాకు తెలుసు. "ఒకసారి కనపడిపోరా" అనడం ఆయనకు చేతకాదు. నాకూ చేతకాదు, ఒకే చెట్టు కాయలం. ఈసారి పోకపోతే ఆ ఎంగిలి మాట మా ఇద్దరి మధ్యా శాశ్వతంగా ఉండిపోతుంది. అది నాకు స్పష్టంగా తెలిసింది.

మర్నాడు స్టోర్ భాయ్ దగ్గర నాలుగు బారల కొత్త తాడు అడిగాను. ఎందుకని కూడా అడగకుండా కోసిచ్చాడు. దిండు కింద దాచుకున్నాను. ఆ మధ్యాహ్నమే మా పడవ ఇంజిన్ చెడిపోయింది. దాన్ని ఇంకో పడవకు కట్టి లాక్కుపోతుంటే జెట్టీ మీద నిలబడి చూశాను. "ఖలాస్. అయిపోయింది," అన్నాడు ఫోర్‌మన్. "శుక్రవారానికి వస్తుందా భాయ్?" అంటే, "వస్తే వస్తుంది" అన్నాడు. మంచినీళ్ళు తెచ్చే పెద్ద పడవ ఆదివారంగానీ రాదు.

ఇక నా కాళ్ళు ఒకచోట నిలుస్తాయా? మధ్యాహ్నం అన్నాల వేళ తూర్పు అంచుకు పోయాను. నీళ్ళు బాగా వెనక్కి పోయి రాతినేల బయటపడి ఉంది. అక్కణ్ణుంచి దక్షిణానికి మళ్ళి బుసైతీన్ దాకా ఆ రాయి పరుచుకునే ఉందని, మధ్యలో ఒక చోటే కాస్త లోతని ఎవరో చెప్పగా విన్నాను. నీటి అంచున ఒక ఇనుప చువ్వ పాతాను. మా ఊళ్ళో చెరువు నీళ్ళ బాధ్యత చూసే నీరటి ఎండాకాలం అట్లాగే పుల్లలు పాతుతాడు. ఇవాళ్టి పుల్లకూ నిన్నటి పుల్లకూ మధ్య ఎన్ని అడుగులో చూసి, చెరువు ఎప్పటికి ఎండుతుందో చెప్పేస్తాడు. తప్పడు. బుధవారం నీళ్ళు నా చువ్వను దాటి ఇరవై అడుగులు పోయాయి. ఇంకొకటి పాతాను. గురువారం ఇంకా ముప్ఫై. నా గుండె గంతులేసింది. ఈ లెక్కన శుక్రవారానికి దారి మొత్తం తేలుతుంది, నడిచే పోవచ్చు అనుకున్నాను.

చెరువు నీళ్ళు చూసి పెరిగినవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది. మా దగ్గర నీళ్ళు పోయాయంటే పోయినట్టే, మళ్ళీ వాన పడే దాకా రావు. ఇక్కడ రోజూ వచ్చిపోతాయని నాకు తెలియక కాదు. రెండేళ్ళుగా చూస్తున్నాను. కానీ నాకు కావలసింది ఆ చువ్వల్లో కనిపిస్తుంటే కళ్ళు ఇంకోవైపు పోలేదు.

మూడో చువ్వ పాతుతుంటే బాబాయి చూశాడు.

"ఏంటబ్బాయ్, ఈత తోట ఏత్తన్నావా?"

చెప్పాను. ఆయన నవ్వలేదు.

"రేపు అమాస. అందుకే అంత దూరం లాగేత్తంది. ఎంత దూరం లాగితే అంత జోరుగా పోటెక్కుద్ది. మీ సెరువు కాదిది. నా మాటిని పడవ కోసం ఆగు."

"పడవ రాకపోతే?"

"రాకపోతే పోన్లో మాటాడుకో."

"రెండేండ్లు ఫోన్ల మాట్లాడనోణ్ణి ఇప్పుడు ఫోన్ల ఏం మాట్లాడుత?" అని ఆయన మీద ఎగిరాను. మంచిమాట చెప్పినవాళ్ళ మీద ఎగరడం నాకు పుట్టుకతో వచ్చింది.

శుక్రవారం తొమ్మిదింటికి రావలసిన పడవ రాలేదు. పదకొండుకూ రాలేదు. జుమ్మా నమాజు అయిపోయింది, అన్నాలు అయిపోయాయి, అందరూ నడుం వాల్చారు. నేను దీవి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. క్రేట్ల మీద కూర్చుని అన్నకు ఫోన్ చేశాను.

"ఎయిర్‌పోర్టుకే రా," అన్నాడు. "డబ్బా కట్టకుంటనే తీస్కపోత. గేటు ముందల కడుదువు గని. బోటు వచ్చిందా?"

"వస్తున్నది," అన్నాను. అబద్ధం.

రెండు దాటాక స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాడు నడుముకు చుట్టుకుని, సేఫ్టీ బూట్లతో తూర్పు అంచు దిగాను. ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు మూడో చువ్వను ఎప్పుడో దాటిపోయి ఉన్నాయి. కనుచూపు మేరా గోధుమరంగు రాయి, మధ్యమధ్య అద్దంలా మెరిసే గుంటలు, గుంటల్లో గోరంత నీలం చేపలు. నాచు మీద బూటు జారేది, మళ్ళీ నిలదొక్కుకునేవాణ్ణి. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ మొదటి అరగంట నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ లేదు. రెండేళ్ళుగా గుండ్రంగా తిరిగిన కాళ్ళకు తిన్నని దారి దొరికింది. ఎదురుగా బుసైతీన్ మేడలు, వాటి వెనక ఎయిర్‌పోర్టు. అన్నను చూడగానే ఏం మాట్లాడాలో గట్టిగా అనుకుంటూ, చేతులు ఊపుకుంటూ నడిచాను.

సగం దూరం పోయాక గుంటలు ఒకదానితో ఒకటి కలవడం గమనించాను. నిలిచి ఉన్న నీళ్ళు కదులుతున్నాయి. గాలికేమో అనుకున్నాను. బూటు మునిగింది. ఇంకాసేపటికి పిక్క మునిగింది. నడక పెంచితే ఎదురుగా ఆ లోతు చోటు వచ్చింది. వాగులా పారుతోంది. దిగాను, రెండడుగులకే కాళ్ళు తేలిపోయి మునిగాను. ఎలాగో రాయి పట్టుకుని వెనక్కి వచ్చి చూస్తే జేబులో ఫోను చచ్చిపోయి ఉంది. నాకు ఈత రాదని కాదు. బావిలో ఈదినవాణ్ణి. బావిలో నీళ్ళు మనిషిని ఎటూ లాక్కుపోవు. వెనక్కి తిరిగి దీవి వైపు చూశాను. నేను నడిచి వచ్చిన నేల ఎక్కడా కనిపించలేదు.

అప్పుడు భయం వేసింది. ఊళ్ళో చెట్టు మీదినుంచి జారినప్పుడు కూడా అంత భయపడలేదు. ఎడమ వైపు కాస్త దూరంలో హద్రా కనిపించింది. పోటుతో వచ్చి పాటుతో తిరిగిపోయే చేపలు చిక్కుకోవడానికి ఇక్కడివాళ్ళు సముద్రంలో పాతుకునే కంచె అది. ఇనుప గొట్టాలు, వాటికి వల. నడుము లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ పోయి, అన్నిటికంటే లావు గొట్టాన్ని వాటేసుకున్నాను. చేతులు ఎంతసేపు పడతాయి? నడుముకు చుట్టుకున్న తాడు విప్పి, గొట్టానికీ నాకూ కలిపి, నాయన మోకు కట్టినట్టు కట్టుకున్నాను. నీళ్ళు పెరిగితే గొట్టం వెంట పైకి జరగాలి, అలకు లాగితే బిగుసుకోవాలి. ఆ ముడి అన్న డబ్బాకు పడాల్సింది.

నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. పొద్దు గుంకింది. నాయన అనేవాడు, "పైన ఉన్నప్పుడు కిందికి సూడకు, ముడి దిక్కు సూడు" అని. ముడినే చూస్తూ ఉన్నాను. ఊహ తెలిశాక అంతసేపు ఒకేచోట ఉన్నది అదే మొదటిసారి. కదలడానికి వీల్లేనప్పుడు మనిషి తననుంచి తాను పారిపోలేడు. అన్నం చెయ్యి కడుక్కుని బయటికి పోయిన అన్న వీపు కనిపిస్తూనే ఉంది. అంతలో విమానం ఒకటి లేచింది. ఎయిర్‌పోర్టు ఉన్న ముహర్రఖ్ మీదినుంచి సరిగ్గా నా నెత్తి మీదుగా, రెక్కల కింది దీపాలు కనిపించేంత కిందుగా పోయింది. టైము ఆరుంబావు అయి ఉంటుంది. "అన్నా" అని అరిచాను. నోట్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. ఇక అంతే, పోయాడు అనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

విమానం చప్పుడు తగ్గాక ఇంకో చప్పుడు మిగిలింది. పడవ ఇంజిన్. టార్చి వెలుతురు హద్రా మీద పడింది. పడవ నడుపుతున్నది ఒక ముసలి అరబ్బీ చేపలాయన, నన్ను చూసి కేకలేసి తిడుతున్నాడు. ముందు భాగంలో రెండు చేతులా పడవ అంచు పట్టుకుని, కొత్త చొక్కా, కొత్త బూట్లతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నీళ్ళంటే చచ్చేంత భయం ఉన్న మా అన్న.

ముందు నా చెంప మీద ఒకటిచ్చాడు. తర్వాత వంగి ముడి విప్పబోయాడు. వేళ్ళు గీరుకుపోయాయిగానీ ముడి కదల్లేదు.

"గింత గట్టిగ కడ్తర్రా ఎవలన్నా?" అని ఏడ్చాడు.

ముసలాయన కత్తితో తాడు కోశాడు. అన్న నన్ను పడవలోకి లాగి, తన కొత్త చొక్కా విప్పి నా మీద కప్పి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్న నన్ను అడిగాడు. "ఇప్పుడు చెప్పు. అన్ననా, కఫీల్‌నా?"

నేను ఆ చొక్కాలో ముఖం దాచుకున్నాను.

తర్వాత తెలిసింది. బాబాయి నిద్ర లేచి చూస్తే తూర్పు అంచున నా చువ్వలు నీళ్ళలో మునిగి ఉన్నాయట, నేను ఎక్కడా లేనట. సిగ్నల్ మూలకు పరుగెత్తి, తన ఫోనులో మిగిలి ఉన్న అన్న నంబరుకు కొట్టాడు. అప్పటికి అన్న నేను వస్తానని గేటు ముందు చూసీ చూసీ, లోపలికి పోయి వరుసలో నిలబడ్డాడు. బండి మీద డబ్బా అలాగే ఉంది. ఫోను పెట్టేసి, బండి తోసుకుంటూ వెనక్కి వచ్చి, టాక్సీ ఎక్కి బుసైతీన్ పడవల రేవుకు పోయాడు. పదకొండేళ్ళలో ఆయన నేర్చుకున్న అరబ్బీ యల్లా, ఖలాస్ లాంటి నాలుగు ముక్కలు. కనబడ్డ ప్రతి చేపలాయన చెయ్యీ పట్టుకుని, సముద్రం వైపు చూపించి, "అఖూయ్, అఖూయ్" అన్నాడట. నా తమ్ముడు, నా తమ్ముడు అని. హద్రా తనది కాబట్టి ఆ ముసలాయనకు ఎక్కడ వెతకాలో తెలిసింది.

విమానం పోయింది. రద్దయిన వీసా మీద ఇంకో టికెట్టు దొరికేసరికి ఎనిమిది రోజులు పట్టింది. పగడపు రాయి బూట్ల పైన నా చీలమండలనూ పిక్కలనూ కోసేసింది, ఒడ్డున డాక్టరు నడవొద్దన్నాడు. ఆ ఎనిమిది రోజులూ జిదాఫ్స్ గదిలో అన్న మంచం పక్కన నేను, కాళ్ళకు కట్లతో. మనసులు విప్పి మాట్లాడుకున్నామనుకుంటారేమో, అలాంటిదేం లేదు. కూరలో కారం ఎక్కువైందని ఒకరోజు, ఫ్యాను ఎవరి వైపు తిప్పాలని ఒకరోజు తగువులాడుకున్నాం. పొద్దున లేచి నా కట్లు మార్చేవాడు, మారుస్తూ తిట్టేవాడు. నేను కుంటుతూ వాకిలి దాకా పోతే చాలు, "యాడికి?" అనేవాడు.

తొమ్మిదో రోజు టాక్సీ వచ్చింది. గదిలోవాళ్ళు చివరిసారి డబ్బాలో ఇంకో రెండు పొట్లాలు దూర్చి మూత వేశారు. తాడు రెండు ముక్కలైంది కదా, ముందు ఆ రెంటినీ కలిపి ముడేశాను. డబ్బా చుట్టూ అడ్డంగా, నిలువుగా తిప్పి, రెండు కొనలూ కలిసే చోట మడత వేశాను. అన్న అడగకుండానే వంగి చూపుడువేలు పెట్టి అదిమి పట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా వేలు సరిగ్గా అక్కడే పడింది.

"ఆ మాట నేను అనొద్దుండె అన్నా," అన్నాను, ముఖం ఎత్తకుండా.

"ఏ మాట?"

"నీకు తెలుసు."

"ముడి మీద సోయి వెట్టు," అన్నాడు.

తాడు బిగించాను. ఇంకో గుంజు గుంజితే ముడి పడిపోతుంది.

"ఏలు తియ్యే, నలుగుతది."

"నువ్వు బిగియ్యి. నేను తీస్త."

బిగించాను. అన్న తీయలేదు. ఆయన వేలు తాడు కిందే ఉంది, గోరు తెల్లబడుతోంది. కింద టాక్సీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నాకు మాత్రం అక్కణ్ణుంచి ఎక్కడికీ కదలబుద్ధి కాలేదు.